ఈస్ట్ కణంలో పచ్చటి సాక్షి

బ్రెడ్డును పొంగించే ఈస్ట్, గెలాక్టోజ్ దొరికితేనే దాన్ని అరిగించే జన్యువులను తెరుస్తుంది. గ్లూకోజ్ ఉంటే మూసేస్తుంది. ఇలాంటి జన్యు నియంత్రణను హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కృష్ణవేణి మిశ్రా బృందం వంటివి పరిశోధిస్తాయి. కణాన్ని చంపకుండా దీన్ని చూడాలంటే, 1962లో షిమొమురా బృందం జెల్లీఫిష్ నుంచి వేరుచేసిన పచ్చటి ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువును, ఆ గెలాక్టోజ్ జన్యువులను తెరిచి మూసే మీట వెనుక అతికిస్తే చాలు: మీట పడ్డాక కణం నీలి కాంతిలో పచ్చగా మెరుస్తుంది.

ఆ మెరుపును నమ్మొచ్చా? అనుమానం న్యాయమైనదే. ప్రోటీన్ వెలగడానికి సమయం పడుతుంది. వెలిగాక త్వరగా ఆరదు, జన్యువు మూతపడ్డా మెరుస్తూనే ఉంటుంది. అందుకే తొందరగా కరిగిపోయే రకాలను తయారుచేశారు. ఇక కణానికీ కణానికీ మెరుపు ఎందుకు మారుతుందో తేల్చడానికి, 2004లో శాస్త్రవేత్తలు రేజర్, ఓషే ఒకే ఈస్ట్ కణంలో ఒకే రకం మీటలకు రెండు రంగుల మెరిసే ప్రోటీన్లు కట్టారు. రెండూ కలిసి హెచ్చుతగ్గులైతే కారణం కణం స్థితి. విడివిడిగా ఊగితే ఆ మీట దగ్గరి యాదృచ్ఛికత. లక్షల కణాలను కలిపి సగటు తీసే పద్ధతులకు ఈ తేడా చిక్కదు.