గోధుమ పడని పిల్లలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టసీమలలో జొన్నరొట్టె, జొన్నగటక పూర్వమునుండి వాడుకలోనున్న తిండి. గోధుమలోను, బార్లీలోను గ్లూటెన్ అను మాంసకృత్తు కలదు. జొన్నలో, వరిలో లేదు. వంశలక్షణము గల కొందరిలో గ్లూటెన్ తగిలినపుడు దేహరక్షణశక్తి దారితప్పి, చిన్నప్రేగులో ఆహారసారమును పీల్చుకొను చూషకములను దెబ్బతీయును. ఇదియే సీలియాక్ వ్యాధి. గోధుమ మానిపించినచో ఈ పిల్లలు కోలుకొందురని హాలెండు వైద్యుడు విల్లెం డికె 1950లో వివరించెను. 2016లో ప్రకటితమైన పరిశీలన ప్రకారము ఈ వ్యాధి ఉత్తర భారతమున పెద్దలలో వేయికి ఎనిమిది మందికి పైగా, దక్షిణమున పదివేలకు సుమారు ఒకరికి కలదు.

రోగి బక్కచిక్కియే యుండునని అనుకొనరాదు; కొందరు లావుగాను ఉందురు. ఇనుము ప్రధానముగా ప్రేగు తొలిభాగముననే రక్తములో చేరును. వ్యాధి ఎక్కువగా దెబ్బతీయునదియు ఆ భాగమునే. మిగిలిన ప్రేగు పిండిపదార్థములను, కొవ్వును పీల్చుకొనుచుండవచ్చును. కనుక లావైన బాలునిలోను రక్తహీనత దాగియుండవచ్చును.

పాలిపోయి, ఎత్తు పెరుగక, తరచు కడుపునొప్పి యనుచున్న విద్యార్థి ఎంత బరువున్నను, వైద్యునికి చూపించి రక్తపరీక్ష చేయింపవలెను. పరీక్షకు ముందు గోధుమ మానిపింపరాదు. మానినచో వ్యాధి పరీక్షలో బయటపడకపోవచ్చును. వ్యాధి నిర్ధారణమైనచో జీవితాంతము గోధుమ వర్జ్యము. గ్లూటెన్ లేదని అమ్మెడి బిస్కత్తులలో చక్కెర, కొవ్వు హెచ్చైనచో బరువు మరింత పెరుగును. వానికంటె జొన్నరొట్టెయే మేలు. అయితే గోధుమ పట్టిన గిర్నీలోనే ఆ జొన్నలను పట్టింపరాదు.