విమానం సిద్ధం – సిబ్బంది ఏరీ?

2025 డిసెంబర్ తొలి వారంలో శంషాబాద్‌తో సహా దేశంలోని ప్రధాన విమానాశ్రయాలలో వేలాది ప్రయాణికులు చిక్కుకుపోయిన సంగతి విదితమే. డిసెంబర్ 5న ఒక్కరోజే ఇండిగో సంస్థ వెయ్యికి పైగా సర్వీసులను రద్దు చేసింది. విమానాలకు కొరత లేదు. నిబంధనల ప్రకారం నడపదగిన సిబ్బందికే కొరత ఏర్పడింది.

పైలట్ విధికాలం విమానం లేచినప్పుడు గాక, విధులకు హాజరైన క్షణం నుండే లెక్కకు వస్తుంది. ఇద్దరు పైలట్లు నడిపే విమానంలో ఇది గరిష్ఠంగా 13 గంటలు. ల్యాండింగులు పెరిగినా, రాత్రివేళ కలిసినా ఇంకా తగ్గుతుంది. ఉదాహరణకు, ఢిల్లీ నుండి హైదరాబాద్ మీదుగా విశాఖపట్నం వెళ్లి, మళ్లీ హైదరాబాద్ మీదుగా ఢిల్లీ చేరవలసిన సిబ్బంది ఉదయం పొగమంచు వలన నాలుగు గంటలు వేచి ఉన్నారనుకుందాం. చివరి ప్రయాణానికి వారి విధికాలం చాలదు. హైదరాబాద్‌లో రిజర్వు సిబ్బంది ఉంటే సరే; లేనిచో వేరొక నగరం నుండి ప్రయాణికుల సీట్లలో రప్పించవలసి ఉంటుంది. ఎయిర్‌బస్ నడిపే పైలట్‌ను ఏటీఆర్‌కు పంపుటకు వీలులేదు. పైగా హైదరాబాద్‌లో ఆగిపోయిన వారు మరునాడు ఢిల్లీలో ఎక్కవలసిన విమానం కూడా ఖాళీ అవుతుంది. మంచు విడిచినా ఆలస్యాలు విడువకపోవడానికి కారణమిదే.

నియంత్రణ కేంద్రాలు సాధారణంగా మొదట విమానాలను, పిదప సిబ్బందిని, చివరకు ప్రయాణికులను సర్దుబాటు చేస్తాయి. వీలైనంత తక్కువ మార్పులతో పాత రోస్టరుకు త్వరగా చేరడమే లక్ష్యం. కంప్యూటర్లు మార్గాలు సూచించినా, ఏ పైలట్ ఎక్కడ ఉన్నాడో సరైన సమాచారం లేకపోతే ఆ సూచనలు నిరుపయోగం.

2025 నవంబర్ 1 నాటికి పూర్తిగా అమలులోకి వచ్చిన నిబంధనల మేరకు వారపు విశ్రాంతి 36 నుండి 48 గంటలకు పెరిగింది. రాత్రి ల్యాండింగులు ఆరు నుండి రెండుకు తగ్గాయి. అలసట ప్రమాదకరం గనుక ఇవి సమంజసమైనవే. అయితే తదనుగుణంగా ముందస్తు సన్నాహం జరగలేదు. ప్రయాణికుల ఇక్కట్ల దృష్ట్యా డీజీసీఏ ఇండిగోకు రాత్రి విధుల విషయంలో 2026 ఫిబ్రవరి 10 వరకు తాత్కాలిక మినహాయింపు ఇచ్చింది. విశ్రాంతిని సడలించి రద్దీని తీర్చవలసి రావడం ఏ విధంగానూ అభిలషణీయం కాదు.

సర్వీసు రద్దయినప్పుడు ప్రత్యామ్నాయ విమానం లేదా పూర్తి సొమ్ము వాపసు కోరే హక్కు ప్రయాణికులకు కలదు. విమానాశ్రయానికి బయలుదేరే ముందు సర్వీసు స్థితిని సరిచూసుకొనవలెను.