పాలమూరు నేలపై రేడియో ఏరియల్

హైదరాబాద్ ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్‌పై పంపే మీడియం వేవ్ తరంగం నేలను అంటిపెట్టుకొని సాగుతుంది కనుక, పాలమూరులోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలకు పగటి వేళ కూడా చేరుతుంది. అదే నగరం నుంచి వెలువడే ఎఫ్ఎం తరంగం మాత్రం దాదాపు సూటిగా పోయి, భూమి వంపు అడ్డువచ్చిన చోట క్షీణిస్తుంది. ప్రసార టవరు 100 మీటర్లు, ఇంటి ఏరియల్ 10 మీటర్ల ఎత్తున ఉన్నాయనుకుంటే ఆ హద్దు సుమారు 54 కిలోమీటర్లు. హైదరాబాద్ ఈ పట్టణాలకు సూటి కొలతలోనే 100 నుంచి 150 కిలోమీటర్ల దూరం. కర్నూలు గద్వాలకు 50 కిలోమీటర్ల దాపున, అలంపురానికి మరింత దగ్గరగా ఉన్నందున, కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో కర్నూలు ఎఫ్ఎం వినిపించడం, వినిపించకపోవడం చాలావరకు ఏరియల్ ఎత్తుపైనే ఆధారపడుతుంది.

ఎఫ్ఎంకు సరిపడే ఏరియల్‌ను డైపోల్ అంటారు; ఇది ఒకే వరుసలో అమర్చి నడుమ విడదీసిన రెండు లోహపు కడ్డీల జత. 100 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 3 మీటర్లు కాబట్టి, అందులో సగానికి కాస్త తక్కువయ్యేలా ఒక్కొక్కటి 71 సెంటీమీటర్ల అల్యూమినియం గొట్టాలు రెండు తీసుకొని, ప్లాస్టిక్ ముక్కపై బిగించి, టీవీ కేబుల్ లోపలి తీగను ఒక గొట్టానికి, దాని చుట్టూ ఉండే లోహపు అల్లికను రెండో దానికి కలపాలి. కొనల దిశ నుంచి వచ్చే తరంగాన్ని డైపోల్ సరిగా గ్రహించదు కనుక, కొనలు కాక పక్కభాగం ప్రసార కేంద్రం వైపు ఉండాలి. మీడియం వేవ్‌కైతే 15, 20 మీటర్ల రాగి తీగను రెండు చివరలా పింగాణీ ఇన్సులేటర్లతో కట్టి, ఎల్‌ఈడీ బల్బులకు, మోటారు స్టార్టర్లకు ఎడంగా లాగితే చాలు.

అసలు కష్టం నిలబెట్టడంలోనే ఉంది, ఇళ్లలో ఎక్కువ నిర్లక్ష్యం కూడా అక్కడే జరుగుతుంది. గాలి వేగం రెట్టింపైతే ఏరియల్‌పై ఒత్తిడి నాలుగింతలవుతుంది కాబట్టి, మామూలు రోజుల్లో కదలని ఏరియల్ వేసవి ఈదురుగాలికి కూలిపోవచ్చు. సిమెంటు డాబాపై పలుచని పిట్టగోడకు కాక, మెట్ల గది గోడకు రెండు క్లాంపులను ఒకదానికొకటి ఎడంగా బిగించి, ఏరియల్‌ను మోసే జీఐ పైపును నిలపాలి. మట్టి మిద్దె ఆ బరువు మోయదు కనుక అక్కడ వాకిట్లో గుంత తీసి కాంక్రీటులో పాతడమే మేలు. పైపు ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర నుంచి మూడు దిక్కులకు సమాన కోణాల్లో తీగలు లాగి కట్టాలి. పైపు పడినా కరెంటు తీగను తాకనంత దూరంలో, అంటే దాని ఎత్తుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఎడంగా నిలపాలన్నది ప్రాణాలకు సంబంధించిన నియమం. పైపును లేపే సమయంలోనూ ఇది తప్పనిసరి.

ఇక్కడి నేలలు ఈ పనిని ఒకేలా సాగనివ్వవు. నల్లరేగడి తేమను నిలుపుకుంటుంది కాబట్టి ఎర్త్, అంటే పిడుగు తెచ్చే విద్యుత్తును నేలలోకి పంపే దారి, సులువుగా కుదురుతుంది. కానీ వానకు ఉబ్బి, ఎండకు పగుళ్లిచ్చే ఆ నేలలో పాతిన పైపు ఏటా కొంత ఒరుగుతుంది. వనపర్తి చుట్టుపక్కల ఎర్ర చల్కలో, రాతి నేలల్లో పైపు గట్టిగా నిలుస్తుంది గానీ, ఎండాకాలంలో తేమ లేక ఎర్త్ బలహీనపడుతుంది కనుక, లోతైన గుంతలో బొగ్గు, ఉప్పు పొరలుగా నింపి ఎర్త్ కడ్డీ దించి, అప్పుడప్పుడు నీళ్లు పోయాలి. ఎంత మంచి ఎర్త్ ఉన్నా నేరుగా పడే పిడుగు నుంచి రేడియోకు పూర్తి రక్షణ ఉండదు. ఉరుములు మొదలవకముందే ఏరియల్ తీగను సెట్టు నుంచి విడదీసి ఇంటి బయట ఉంచాలి, క్లాంపులను, కట్టు తీగలను రోహిణి కార్తెకు ముందే మళ్లీ బిగించాలి.