రేడియో పంచిన ఆటలు

సంక్రాంతి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు తన ఫోనులో ఒక శబ్దమును మాకు వినిపించెను. మొదట కొన్ని క్షణములు ఒకే స్వరముగా సన్నని కూత సాగినది. పిమ్మట అది రేకుల కప్పుపై వడగండ్లు పడినట్లు గరగరలాడసాగెను. అర నిమిషము కాగానే ఆగిపోయెను. వంటయింటిలో నున్న మా తల్లిగారు, "ఏమిరా, రేడియో మళ్లీ చెడిపోయినదా?" అని అడిగిరి. అంతలో వాడు ఆ శబ్దమునే తన కంప్యూటరునకు వినిపించెను. తెరపై నాలుగు పంక్తుల డచ్చి మాటలు కనబడినవి. ఒకప్పుడు మచిలీపట్నమునందును భీమునిపట్నమునందును కోఠీలు కట్టి వర్తకము చేసిన డచ్చివారి భాషయే అది. మాకు ఒక్క ముక్కయు రాదు. మేనల్లుడు తాత్పర్యము చెప్పెను: "ఒకటి మొదలు నూరు వరకు ఒక సంఖ్యను తలచుకొన్నాను, అదేదో చెప్పుము." మేము చెప్పిన ప్రతి సంఖ్యకును అది "ఎక్కువ" అనియో "తక్కువ" అనియో బదులిచ్చుచు వచ్చెను. ఆరవ మారు పట్టుకొంటిమి.

ఆ గరగర శబ్దమే ఆ ఆట. ఇట్టి శబ్దములను సుమారు 40 ఏండ్లకు పూర్వము హాలెండు దేశపు రేడియో తన శ్రోతలకు ప్రసారము చేసినది. పాటలను, నాటికలను, వార్తలను, ధాన్యపు ధరలను రేడియో ఇంటింటికి తెచ్చుట మనము ఎరుగుదుము. అది ఆటలను కూడ తెచ్చి పంచెనని వినగా మాకు కుతూహలము కలిగినది.

1977 ప్రాంతమున ఇంటిలో పెట్టుకొనదగిన చిన్న కంప్యూటర్లు అమెరికాలో అంగళ్లకు వచ్చినవి. కొద్ది ఏండ్లలో ఐరోపాలోను చౌక యంత్రములు వచ్చినవి. విద్యుత్తు తీసివేయగానే వాని లోపల వ్రాసినదంతయు మాయమైపోవును. దానిని భద్రపరచు డిస్కు యంత్రముల వెల అప్పట్లో కంప్యూటరు వెలను మించినంత. కాని పాటలు పట్టుకొను కేసెట్టు రికార్డరు నాటికే ఇంటింట కలదు. కంప్యూటరులోని లెక్కను శబ్దముగా మార్చినచో రికార్డరు దానిని పాట వలెనే పట్టుకొనదా అను ఆలోచన అందుండి పుట్టినది. 1975 నవంబరులో అమెరికాలోని కాన్సస్ సిటీలో 'బైట్' అను పత్రిక ఒక సమావేశము జరిపించగా, ఆ మార్పునకు ఒక కట్టుబాటు ఏర్పడెను.

ఆ కట్టుబాటు చాల తేలిక. కంప్యూటరునకు తెలిసినవి సున్నయు ఒకటియు మాత్రమే. సున్నకు సెకండుకు 1200 కంపనములు గల స్వరము. ఒకటికి 2400 కంపనములు గల స్వరము. సంగీతము తెలిసిన శ్రోతలు ఇక్కడ ఒక్క క్షణము ఆగవలెను. కంపనములు రెట్టింపైనచో పై స్థాయిలోని అదే స్వరము వచ్చును గదా. మొదటిది షడ్జమైనచో రెండవది దాని పై షడ్జమే. మధ్యనున్న రిషభ గాంధారాదులు ఏవియు లేవు. ఆట యంతయు ఈ రెండు షడ్జముల మధ్య నడచిన పరుగు.

కాన్సస్ సిటీ పద్ధతిలో సెకండుకు 300 సున్నలో ఒకట్లో పంపవచ్చును. తరువాత హాలెండువారు అవే రెండు స్వరములను తక్కువ సేపు పలికించి 1200 వరకు తెచ్చిరి. ఒక్కొక్క అక్షరమునకు మొదటను చివరను ఉండు గుర్తులతో కలిపి 11 అవసరము. 4,096 అక్షరముల ప్రోగ్రామునకు ఈ వేగమున 38 సెకండ్లు పట్టును. మా తల్లిగారు విసుగుకొన్నది అంతకంటె తక్కువ సేపే.

శబ్దమైన పిమ్మట అది పాట పోవు ప్రతి దారిని పోగలదు. 1977 మే నెలలో 'ఇంటర్‌ఫేస్ ఏజ్' అను అమెరికా పత్రిక తన సంచికలో ఒక పలుచని గ్రామఫోను రికార్డును పెట్టి పాఠకులకు పంచెను. దానిపై నున్నది పాట కాదు, ప్రోగ్రాము. 1983లో ఇంగ్లండునందు క్రిస్ సీవీ అను గాయకుడు ఒక ప్రక్క పాటను, రెండవ ప్రక్క చిన్న కంప్యూటరుకు ప్రోగ్రాములను ఉంచి రికార్డు వెలువరించెను. పాట వినవలెనని రెండవ ప్రక్క ముల్లు పెట్టినవారి ముఖములు మేము ఊహించుకొనగలము.

హాలెండు రేడియో మాట యిది. ఎన్.ఓ.ఎస్. అను ప్రసార సంస్థవారి 'హాబీస్కోప్' కార్యక్రమము 1980 ప్రాంతమున ప్రోగ్రాములను ప్రసారము చేయ మొదలిడెను. శ్రోతలు రికార్డరును సిద్ధము చేసుకొని, ప్రకటన ముగియగానే మీట నొక్కవలెను. ఇంతవరకు బాగుగనే యున్నది. చిక్కు మరియొక చోట వచ్చినది. ఒక కంపెనీ కంప్యూటరునకు తెలిసిన శబ్దము మరియొక కంపెనీ కంప్యూటరునకు తెలియదు. శబ్దము తెలిసినను లోపలి ఆజ్ఞలు తెలియవు. అన్నియు 'బేసిక్' అను ఒకే భాష మాటలాడునని పేరే గాని, తెర తుడువు మనుటకు ఒక్కొక్క యంత్రము ఒక్కొక్క మాట వాడును. మన దేశమున మెట్రిక్ తూనికలు రాక పూర్వము ఒక ఊరి మానిక వేరొక ఊరి మానికకు సరిపడెడిది కాదు గదా, అట్టిదే ఇదియు. ఏ యంత్రము కొరకు ప్రసారము చేసినను తక్కిన యంత్రములవారికి అది వట్టి రొద.

దీనికి వారు కనిపెట్టిన ఉపాయము 'బేసికోడ్'. మొదట అన్ని యంత్రములకు శబ్దమును ఒక్కటి చేసిరి. అది చాలలేదు. రెండవ రూపమున ఆజ్ఞలకు కూడ ఒక ఒప్పందము చేసిరి. ప్రోగ్రాములోని ప్రతి పంక్తికి ఒక సంఖ్య ఉండును. 1000కి లోపలి సంఖ్యలు ఎవరి యంత్రమునకు వారి సొంతము. ఆట వ్రాయువాడు వానిని తాకరాదు, 1000 నుండియే మొదలిడవలెను. తెర తుడువ వలసినపుడు "100వ పంక్తికి పోయి రమ్ము" అని మాత్రమే వ్రాయవలెను. ఆ 100వ పంక్తిలో ఏమున్నదో అతనికి అక్కరలేదు. అచట ప్రతి యంత్రము తన సొంత మాటలో తెరను తుడుచుకొనును. యంత్రమునకు తగిన ఈ ముందు భాగమును శ్రోత ఒక్కమారు సంపాదించి దాచుకొన్నచో చాలును. ఆపై వచ్చిన ఆటలన్నియు దానికి అతుకును.

ఈ ఒప్పందమునకు చెల్లించిన వెల తక్కువ కాదు. రంగుల యంత్రము కొన్నవాడు రంగులు మానుకొనవలెను. బొమ్మలు గీయగల యంత్రము గలవాడు బొమ్మలు మానుకొనవలెను. అందరికిని మిగిలినది 24 వరుసల, వరుసకు 40 అక్షరముల తెర. మించినచో ఒక చిన్న కూత. ఖరీదైన యంత్రముల సొంతదారులలో కొందరికి ఇది రుచించకపోయి యుండవచ్చును. కాని మాకు ఈ కథలో మిక్కిలి నచ్చిన ఘట్టము ఇదియే. అందరికంటె పేద యంత్రము ఏది చేయగలదో అదియే కొలతగా పెట్టుకొన్నారు గనుక, ఒక్క ప్రసారము అన్ని యిండ్లలోను ఆట అయినది. బొమ్మలు వచ్చినది మూడవ రూపముననే.

మరియొక మేలు కూడ కలదు. బేసికోడ్ ప్రోగ్రాము చదువదగిన అక్షరములుగా వచ్చును. చివర ఒక సరిచూపు సంఖ్య ఉండును. ఉరుము వలననో, పొరుగింటి మోటారు వలననో ఒక అక్షరము చెడినచో ఆ లెక్క తప్పి సంగతి తెలియును. అప్పుడు శ్రోత వరుసగా చదువుచు పోయి, అర్థము లేని చోట సరియైన అక్షరమును తానే దిద్దుకొనవచ్చును. శబ్దము మరీ తగ్గినను, మరీ హెచ్చినను కంప్యూటరు వినదు. రికార్డరు హెడ్డు ప్రక్క నుండు చిన్న మరను వెంట్రుకవాసి త్రిప్పి పాట స్పష్టము చేసికొన్న అనుభవము మన పాఠకులలో పలువురకు ఉండును. ఆ మరయే అచటి కుర్రవాండ్రకును దిక్కైనది.

అదే కాలమున నాటి యుగోస్లావియాలో కథ మరింత ఇరుకున నడచినది. విదేశముల నుండి స్వల్ప విలువకు మించిన వస్తువు తెచ్చుకొనుటకు అచట అనుమతి లేదు. కంప్యూటరు ఆ విలువను మించును. 1983 వేసవిలో రిసాన్ అను సముద్రతీరపు ఊర సెలవులు గడపుచు వోయా ఆంతోనిచ్ అను ఇంజనీరు, తెరపై బొమ్మ నిలుపుటకు వేరే భాగములు కొనక, ఆ పని కూడ ప్రధానమైన చిప్పు చేతనే చేయించు పద్ధతిని ఆలోచించెను. దానితో యంత్రము చౌకయైనది. పత్రికా రచయిత దేయాన్ రిస్తానోవిచ్ తోడ్పాటుతో ఆ నమూనా 1983 డిసెంబరున 'గలాక్సియా' పత్రిక ప్రత్యేక సంచికలో ప్రకటింపబడెను. పాలపుంత అని ఆ పేరునకు అర్థము. యంత్రమునకును అదే పేరు నిలిచినది. నమూనా చూచి ఎవరికి వారు ఇంటివద్ద అతుకుపెట్టి చేసికొనవలెను. భాగములను తెప్పించుకొన్నవారు 8,000కు పైబడిరి. అందులో చోటు ఎంత తక్కువ యనగా, తప్పు జరిగినపుడు యంత్రము పలుకు మాటలు మూడే: "ఏమిటి?", "ఎట్లు?", "క్షమించుడు." మొదటిది వ్రాసినది తెలియనపుడు, రెండవది లెక్క కుదరనపుడు, మూడవది చోటు చాలనపుడు.

యంత్రము చేసికొన్నారు సరే, ఆడుటకు ఆటలేవి? బెల్‌గ్రేడు రేడియోలో 'వెంటిలేటర్ 202' అను కార్యక్రమము కలదు. దానిని నడిపినవాడు జోరాన్ మోడ్లి. ఆయన వృత్తిచేత విమాన చోదకుడు కూడ. 1983 నుండి ఆయన సంగీతము మధ్య ప్రోగ్రాముల శబ్దమును వినిపింప నారంభించెను. శ్రోతలు కేసెట్టుపై పట్టుకొని ఆడుటయే గాక, ఆటలను మార్చి, తప్పులు దిద్ది తిరిగి రేడియోకు పంపిరి. ఆ దిద్దిన ఆటలు మరల ప్రసారమైనవి. శ్రోతల ఉత్తరములు చదువు రేడియోను మనము ఎరుగుదుము. శ్రోతలు మరమ్మతు చేసిన ఆటలను పంచిన రేడియో మాత్రము అరుదు. మోడ్లి 2020లో కాలధర్మము చెందెను.

1984లో బి.బి.సి. వారు 'చిప్ షాప్' కార్యక్రమమున బేసికోడ్‌ను వాడిరి. తూర్పు జర్మనీ రేడియో 1989లో, ఆ దేశము అంతరించుటకు ఏడాది ముందు, దానిని చేపట్టెను. ఆ తరువాత ఈ పద్ధతి మూలబడినది. కారణము లెక్కలోనే యున్నది. 48 కిలోబైట్ల ఆటకు ఏడున్నర నిమిషముల రొద. ఒక మెగాబైటునకు 2 గంటల 40 నిమిషములు. నేడు ఫోనులో తీసిన ఒక్క ఫోటోను ఇట్లు ప్రసారము చేయవలెనన్నచో తెల్లవారుజాము సుప్రభాతము మొదలు మధ్యాహ్నపు వార్తల వరకు వేరే కార్యక్రమము పెట్టుటకు వీలుండదు.

ఇప్పుడీ ఆటలు ఏమైనవి? మన దేవాలయ మండపముల రాతిపలకలపై పులిజూదపు గీతలు నేటికిని కనబడును. గీతలు చెరగలేదు, ఎట్లు ఆడవలెనో చెప్పు పెద్దలు కావలెను. కేసెట్టు సంగతి దీనికి తలక్రిందులు. ఆట నియమములన్నియు అందులోనే యున్నవి. కాని టేపుపై పూత రాలిపోవును, చదువు యంత్రములు అటకలెక్కినవి. అందుచేత ఆసక్తి గలవారు పాత కేసెట్ల శబ్దమును కంప్యూటరులోనికి ఎక్కించి, స్వరముల కంపనములను లెక్కించి, సున్నలను ఒకట్లను తిరిగి రాబట్టుచున్నారు. ఒకే ప్రసారమును రెండిండ్లలో పట్టియున్నచో మరీ మేలు; ఒకదాని లోపమును రెండవది పూరించును. పాత యంత్రము లేకున్నను దానివలె నడచుకొను ప్రోగ్రామును వ్రాసి, కొత్త కంప్యూటరులోనే ఆటను ఆడింపవచ్చును. దీనినే ఎమ్యులేటరు అందురు. మా మేనల్లుడు చేసినది అదియే.

వింత యేమనగా, వీనికంటె ఎంతో అందమైన తరువాతి ఆటలు ఎక్కువ అపాయమున పడినవి. ఇంటర్నెట్టులో ఒకప్పుడు వేలకొలది చిన్న ఆటలు, కదలు బొమ్మలు 'ఫ్లాష్' అను ఒక్క కంపెనీ సాధనముపై నడచెడివి. 2020 డిసెంబరు 31తో ఆ కంపెనీ దానికి స్వస్తి చెప్పెను. ఒకే తాళపుచెవితో తెరచు ఊరిండ్లన్నియు ఒక్క రాత్రి మూతపడినట్లయినది. అంతకు నెల ముందే శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ వారు కొన్నింటిని చేరదీసి 'రఫుల్' అను ఎమ్యులేటరు సాయముతో ఆడించుచున్నారు. అన్నియు దక్కలేదు.

మా యింటి ఆట సంగతి చెప్పవలసియున్నది. చదువదగిన అక్షరములే గదా అని మేనల్లుడు ఆ సాయంకాలమే డచ్చి మాటలు తీసివేసి తెలుగు మాటలను ఆంగ్లాక్షరములలో వ్రాసెను. ఆ యంత్రమునకు మన లిపి తెలియదు. మా తల్లిగారు కూర్చుండి మొదటనే "ఏబది" అనిరి. "తక్కువ" అని వచ్చెను. "డెబ్బదియైదు" అనిరి. సగము సగముగా కోసికొనుచు పోయినచో ఏడు మారులలో ఎట్టి సంఖ్యయైనను చిక్కునని ఆమెకు ఎవరును చెప్పలేదు. బియ్యపు డబ్బాలో పడిన ఉంగరమును వెదకినట్లు వెదకితిననిరి. ఏడవ మారు చిక్కినది. పిమ్మట మేనల్లుడు ఆ తెలుగు ఆటను తిరిగి శబ్దముగా మార్చి, మా పాత టేపురికార్డరున ఒక ఖాళీ కేసెట్టుపై పట్టెను. పాట అనుకొని ఎవరును పెట్టి బెదరకుండ "ఆట, 38 సెకండ్లు" అని పైన వ్రాసి, ఘంటసాల కేసెట్ల ప్రక్కన ఉంచితిమి.