ఫైబర్ పెంకులో ఇల్లు కట్టండి... రెజ్యుమేలో నిజం రాయండి!

‘ఫైనలియర్ ప్రాజెక్టు ఏం చేశావు?’ ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వినగానే చాలామందికి గొంతు తడారిపోతుంది. ఎందుకో మీకూ తెలుసు, నాకూ తెలుసు. రిపోర్టు నీట్‌గా స్పైరల్ బైండింగ్ అయింది. పేజీలు నూరు దాటాయి. కానీ అందులో మన చెయ్యి పడింది ఎక్కడ? డబ్బులిచ్చి కొన్న ప్రాజెక్టు గురించి రెండో ప్రశ్న వచ్చేసరికి మాట ఆగిపోతుంది.

ఆగకుండా ఉండాలంటే ఒక్కటే దారి. మురికి చేతులతో, సొంత లెక్కలతో ఏదో ఒకటి నిజంగా చేసి ఉండాలి. మెకానికల్, సివిల్, ఈఈఈ... ఏ బ్రాంచి వాళ్లకైనా పనికొచ్చే అలాంటి పని ఒకటుంది. పాత ఫైబర్‌గ్లాస్ ట్రైలర్‌ను లోపలంతా ఊడబీకి, మళ్లీ చిన్న ఇల్లుగా కట్టడం. ‘నెల్లూరులో ట్రైలర్ ఎక్కడిది బాస్?’ అంటారా? అక్కడికే వస్తున్నా.

సెప్టిక్ ట్యాంకులోంచి పుట్టిన ఇల్లు

క్యారవాన్ అనగానే మనకు షూటింగ్ దగ్గర హీరో కూర్చునే బస్సు గుర్తొస్తుంది. ట్రావెల్ ట్రైలర్ వేరు. దానికి ఇంజిన్ ఉండదు. కారు వెనక కొక్కేనికి తగిలించి లాక్కెళ్తారు. లోపల మంచం, పొయ్యి, చిన్న అల్మరా ఉంటాయి.

1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో రే ఒలెకో అనే ఆయన ఇలాంటి దాన్ని ఫైబర్‌గ్లాస్‌తో తయారుచేశాడు. అంతకుముందు ఆయన చేసింది ఫైబర్‌గ్లాస్ సెప్టిక్ ట్యాంకు! అదే పద్ధతిలో తేలికైన ట్రైలర్ ఎందుకు చేయకూడదు అనుకున్నాడు. పై సగం ఒక అచ్చులో, కింది సగం ఇంకో అచ్చులో పోసి, నడుం దగ్గర కలిపి అతికించాడు. అలా పుట్టిందే 13 అడుగుల బోలర్. 1970ల్లో అమెరికాలో స్కాంప్, ఆ తర్వాత కసీటా కంపెనీలు ఇదే బాట పట్టాయి. ఆకారం చూసి జనం వీటికి ‘గుడ్డు’ అని పేరు పెట్టారు.

యాభై ఏళ్లు దాటినా ఈ గుడ్డు పెంకు చెక్కుచెదరదు. పాడయ్యేది లోపలి చెక్క, నురుగు, వైర్లు. అందుకే పాతది కొని, లోపలిదంతా పీకేసి, కొత్తగా కట్టుకునేవాళ్లు ఆ దేశాల్లో చాలామంది ఉన్నారు.

మన తీరంలో ఉన్నదీ అదే పెంకు

ఇప్పుడు మైపాడు వెళ్లండి. లేదా కృష్ణపట్నం, ఇసకపల్లి, జువ్వలదిన్నె. ఇసుక మీద వరసగా కనిపించే ఫైబర్ బోట్లన్నీ ఆ ట్రైలర్లకు అన్నదమ్ములే. అదే గాజు పీచు మ్యాట్, అదే పాలిస్టర్ రెజిన్, పైన అదే జెల్‌కోట్. 

ఒకప్పుడు ఇక్కడ కర్ర తెప్పలు, చెక్క నావలే ఉండేవి. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఎఫ్‌ఏఓ బంగాళాఖాతం కార్యక్రమం, ఒడ్డుకు నేరుగా లాక్కునే వీలున్న ఫైబర్ బోట్లను ఆంధ్ర తీరంలో పరీక్షించింది. 2004 డిసెంబరు 26 సునామీలో పడవలు పోయాక, వాటి స్థానంలో ఫైబర్ బోట్లు పెద్ద సంఖ్యలో వచ్చాయి. బోట్లతో పాటే వాటికి అతుకులు వేసే మేస్త్రీలూ తయారయ్యారు. మీకు దొరికే అసలైన ల్యాబ్ అదే. ఫీజు లేదు. కాకపోతే ఎండలో నిలబడాలి.

పీకేముందు ఆగండి

పాత ట్రైలర్‌లో కొత్తవాళ్లు మొదట చేసే పని, లోపలి అల్మరాలన్నీ ఒకేసారి ఊడదీయడం. రెండు రోజుల్లో కప్పు కిందికి కుంగుతుంది. తలుపు పట్టదు. కారణం ఏంటి?

బోలర్, స్కాంప్ లాంటి వాటిల్లో అల్మరా అంటే సామాను పెట్టుకునే పెట్టె మాత్రమే కాదు, కప్పును మోసే స్తంభం కూడా. పలచని పెంకు, లోపలి చెక్క, కింది ఫ్లోరు కలిసి ఒకే నిర్మాణంగా బరువు మోస్తాయి. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో మనం బట్టీ పట్టిన ‘లోడ్ పాత్’ ఇదే. అందుకే తెలిసినవాళ్లు ముందు కర్ర ఊతాలు నిలబెడతారు. ప్రతి ముక్కనూ ఫొటో తీసి, కొలత రాసి, తర్వాతే పీకుతారు. బోటులో అడ్డంగా ఉండే పలకలూ అంతే. కూర్చోడానికే ఉన్నాయనుకుంటాం గానీ, పక్కలు విచ్చుకోకుండా పట్టి ఉంచేది అవే.

వరస తప్పితే డబ్బు దండగ

ఖాళీ పెంకు చేతికొచ్చాక పని వరస ఇలా ఉండాలి:

1. నీళ్లు ఆపడం: కిటికీ రబ్బర్లు, రివెట్ల రంధ్రాలు, పై వెంటిలేటర్... ముందు కారే చోట్లన్నీ మూయాలి. వీటికి పాలియురేథేన్ సీలెంట్ వాడతారు. సిలికాన్ పూస్తే తర్వాత దాని మీద రెజిన్ గానీ పెయింటు గానీ పట్టదు.

2. ఫ్లోరు: కుళ్లిన ప్లైవుడ్ తీసేసి ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ వేయాలి. అంచులకు రెజిన్ తాగించాలి. ప్లైవుడ్ నీళ్లు పీల్చేది అంచుల్లోంచే.

3. వైరింగ్: గోడలు మూసేముందే వైర్లు లాగాలి. మూశాక గుర్తొస్తే మళ్లీ విప్పాల్సిందే.

4. ఇన్సులేషన్: నీళ్లు పీల్చని క్లోజ్డ్ సెల్ ఫోమ్ అతికించాలి. నెల్లూరు ఎండకు ఇది లేకపోతే లోపల మధ్యాహ్నం ఉండలేం.

5. ఫర్నిచర్: మంచం, వంటగట్టు, అల్మరా. అన్నిటికంటే చివర. 

మేకులు, మరల విషయంలో తీరం వాళ్లకు ఒక అదనపు పాఠం ఉంది. ఉప్పుగాలికి మామూలు స్క్రూలు తుప్పు పట్టేస్తాయి. స్టెయిన్‌లెస్‌లోనూ 304 కంటే 316 గ్రేడు ఉప్పును బాగా తట్టుకుంటుంది.

రెజిన్ దగ్గర తమాషాలొద్దు

చెక్కను పెంకుకు అతికించేది మేకులతో కాదు, మ్యాట్ పట్టీలతో. పెంకు లోపలి వైపు గరుకు కాగితంతో బాగా రుద్ది, అసిటోన్‌తో తుడిచి, మూలను గుండ్రంగా నింపి, దాని మీద మ్యాట్, రెజిన్ పరవాలి. మెరిసే ఉపరితలం మీద వేసిన అతుకు కొన్నాళ్లకే పొరలా లేచొస్తుంది. ఈ రుద్దే పని ఎవరికీ నచ్చదు. పని నాణ్యత తేలేది మాత్రం అక్కడే.

లెక్క కూడా చూడండి. ఒక చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ రెండు పొరలు వేస్తే గాజు 900 గ్రాములు. రెజిన్ సుమారు రెండున్నర రెట్లు, అంటే 2.25 కిలోలు. అందులో క్యాటలిస్ట్ 1.5 శాతం అనుకుంటే దాదాపు 34 గ్రాములు. మొత్తం ఒకేసారి కలపకూడదు. డబ్బాలో ఎక్కువ రెజిన్ ఉంటే తన వేడికి తానే ఉడికి, గట్టిపడి, పొగలొస్తుంది. మే నెల ఎండలో అది మరీ త్వరగా జరుగుతుంది. కొద్దికొద్దిగా కలుపుకోవాలి.

ఇక ప్రాణాల మీదికి తెచ్చే విషయం. కోబాల్ట్ యాక్సిలరేటర్‌నూ, ఎంఈకేపీ క్యాటలిస్ట్‌నూ ఎప్పుడూ నేరుగా కలపొద్దు. అలా కలిస్తే మంటలు, పేలుడు రావచ్చు. కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తర్వాతే క్యాటలిస్ట్ వేయాలి. క్యాటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు, గ్లవ్స్, స్టైరీన్ ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు లేకుండా డబ్బా మూత తీయొద్దు. గుడ్డ మాస్కు దీనికి పనికిరాదు. మేస్త్రీ ఉత్త చేతులతో చేస్తున్నాడని మీరూ చేయకండి. వీలైతే ఆయనకూ ఒక జత గ్లవ్స్ కొనివ్వండి.

బరువు, కరెంటు... మీ బ్రాంచి ఏదైనా

8×4 అడుగుల 18 ఎంఎం ప్లైవుడ్ షీటు సుమారు 35 కిలోలు. 12 ఎంఎం అయితే 23 కిలోలు. అంటే ‘గట్టిగా ఉంటుందిలే’ అని నాలుగు షీట్లు మందంగా వేస్తే దాదాపు 48 కిలోలు అదనం. ఒక మనిషిని ఊరికే మోసుకు తిరిగినట్టు. ఆ బరువు ఎక్కడ పెట్టామన్నదీ ముఖ్యమే. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కేం మీద పడాలి. 600 కిలోల ట్రైలరైతే 60 నుంచి 90 కిలోలు. వెనక బరువు ఎక్కువైతే వేగంలో ట్రైలర్ పాములా ఊగుతుంది. 

ఈఈఈ వాళ్లకు కరెంటు లెక్క. 60 వాట్ల పరికరం 230 వోల్టుల మీద పావు ఆంపియరు తీసుకుంటుంది. అదే 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు. అందుకే బ్యాటరీ వైర్లు లావుగా ఉండాలి, ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. మూడు ఎల్ఈడీ బల్బులు, ఒక డీసీ ఫ్యాను, ఫోను చార్జింగ్‌కు రాత్రికి 300 వాట్ అవర్లు చాలనుకుందాం. 12 వోల్టుల 100 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో 1200 ఉన్నా, దాని ఆయుష్షు కోసం సగమే వాడుకోవాలి. అంటే రెండు రాత్రులు. పొయ్యి పెడితే ఇంకో జాగ్రత్త: వంటగ్యాస్ గాలికంటే బరువు. లీకైతే కింద చేరుతుంది. గాలి పోయే రంధ్రం ఫ్లోరు దగ్గరే ఉండాలి.

మరి పెంకు ఎక్కడ దొరుకుతుంది?

కెనడా ట్రైలర్ మనకు అక్కర్లేదు. అపార్టుమెంట్ల ముందు, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర ఉండే ఫైబర్ సెక్యూరిటీ క్యాబిన్ చూశారుగా? పాతబడి మూలన పడేసింది ఒకటి వెతకండి. నలుగురు స్నేహితులు కలిసి, వేర్వేరు బ్రాంచీల వాళ్లయితే మరీ మంచిది, దాన్ని ఒక మనిషి పడుకుని చదువుకునే గదిగా మార్చండి. ఫ్లోరు, మంచం, ఇన్సులేషన్, 12 వోల్టుల కరెంటు... పైన చెప్పిన పాఠాలన్నీ అందులో వచ్చేస్తాయి. అదీ కుదరకపోతే, ఒక బోటు రిపేరు మొదటి నుంచి చివరి దాకా మేస్త్రీ పక్కన నిలబడి సాయం చేయండి. 

చక్రాలు తగిలించి రోడ్డెక్కించాలనే ఆలోచన ఉంటే మాత్రం ముందు ఆర్టీవో ఆఫీసుకు వెళ్లండి. రిజిస్టరైన వాహనాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. ఇంజిన్ ఉండే క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది.

ఈ పని తెలిస్తే దారులు

కాంపోజిట్స్ రంగం మనకు దూరంలో లేదు. గాలిమర రెక్కలు తయారయ్యేది గాజు పీచు, రెజిన్‌తోనే. గమేసా సంస్థ తన రెక్కల ప్లాంటుకు ఎంచుకున్న చోట్లలో మన నెల్లూరు ఒకటి. శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్‌ఎల్‌వీ మూడో దశ మోటారు కేసు కెవ్లార్ ఫైబర్‌తో చేసిందే. 2021లో కేరళ ‘కేరవాన్ కేరళ’ పేరుతో క్యారవాన్ టూరిజం మొదలుపెట్టింది. అలాంటి బండ్లకు లోపలి పని చేసేవాళ్లు కావాలి.

పద్ధతిగా నేర్చుకోవాలంటే విజయవాడ, హైదరాబాద్, చెన్నైలలో సీపెట్ కేంద్రాలున్నాయి. పదో తరగతి తర్వాత డిప్లొమాలతో పాటు డిగ్రీ చదివినవాళ్లకూ ప్లాస్టిక్స్ ప్రాసెసింగ్‌లో కోర్సులు ఉంటాయి. చేపల పడవల ఇంజిన్ల మీద ఆసక్తి ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు సిఫ్‌నెట్ విశాఖ, చెన్నై యూనిట్లలో మెరైన్ ఫిట్టర్ కోర్సు ఉంది. నోటిఫికేషన్లు వాళ్ల వెబ్‌సైట్లలోనే చూసుకోండి. మధ్యవర్తులకు రూపాయి ఇవ్వొద్దు.

రెజ్యుమేలో ఎలా రాయాలి?

ఒక్క ప్రాజెక్టుతో ఉద్యోగం వచ్చేస్తుందని నేను చెప్పను. కానీ ఒక నోటుబుక్కు పెట్టండి. రోజూ ఏం చేశారు, ఎంత రెజిన్ వాడారు, ఎంత ఖర్చయింది, ఎక్కడ అతుకు ఊడింది, ఎందుకు ఊడింది... అన్నీ తేదీలతో రాయండి. పనికి ముందు, తర్వాత బరువు తూచండి. 

రెజ్యుమేలో ‘కాంపోజిట్స్ మీద అవగాహన ఉంది’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ‘పాత ఫైబర్ క్యాబిన్ లోపలి భాగాన్ని నలుగురం 40 రోజుల్లో తిరిగి కట్టాం, ఫ్లోరు అతుకులు, బ్యాటరీ లెక్క నా బాధ్యత’ అని రాయగలిగితే తర్వాతి ప్రశ్న తప్పకుండా దాని మీదే వస్తుంది. నోటుబుక్కులో ఉన్నది చెప్పండి, చాలు. బోర్డులో ఉన్నవాళ్లు ఎంత తవ్వినా మీ దగ్గర జవాబు ఉంటుంది.

ఈ ఆదివారం స్నేహితులతో మైపాడు వెళ్తారుగా? సెల్ఫీలు అయ్యాక బోర్లించిన బోటు దగ్గరికి ఒకసారి నడవండి. ‘అన్నా, ఈ అతుకు ఎందుకు ఇలా వేస్తున్నావ్?’ అని అడగండి. మొదటి క్లాసు అక్కడే మొదలవుతుంది.