బొమ్మరైలు పట్టాలు – అతుకులోని కిటుకు

క్రిస్మస్ సెలవులలో అమెరికాలోని మన ఇళ్లలోకి కూడా బొమ్మరైళ్లు రావడం పరిపాటి అయింది. నాలుగు రోజులు చక్కగా తిరిగిన బండి ఆ తరువాత ఒకేచోట పదేపదే పట్టాలు తప్పుతుంది. ఇంజను పాడైందని పిల్లలు దానిని అటకెక్కిస్తారు. చాలా సందర్భాలలో దోషం ఇంజనుది కాదు, పట్టాల అతుకుది.

ఇక్కడ విస్తృత ప్రచారంలో ఉన్న హెచ్.ఓ. నమూనాలో ప్రతి వస్తువూ అసలు దానిలో 87వ వంతు. అతుకు వద్ద ఒక పట్టా రెండవదానికంటే అర మిల్లీమీటరు ఎత్తుగా ఉంటే, అసలు రైలుకు 43 మిల్లీమీటర్ల మెట్టు అడ్డుపడినట్లే! చక్రాన్ని పట్టాపై నిలిపే అంచు లోతు అమెరికన్ నమూనాలలో సాధారణంగా ముప్పాతిక మిల్లీమీటరైనా ఉండదు.

కనుక పట్టాను కోసిన ప్రతిసారీ కొనలను సన్నని ఆకురాయితో అరగదీయాలి. అడుగున మిగిలిన చిన్న పొక్కు చాలు, జాయినర్ అనే లోహపు తొడుగు సరిగా ఎక్కకుండా పట్టాను పైకి లేపడానికి. పట్టా లోపలి అంచుపై వేలి గోరును నడిపించి చూడండి. కంటికి కనబడని మెట్టు గోటికి తగులుతుంది.

అసలు చిక్కు వంపులలో ఉంది. మూడడుగుల ఫ్లెక్స్ ట్రాకును వంచితే దాని కొన నిటారు కావడానికే ప్రయత్నిస్తుంది. అటువంటి రెండు కొనలు కలిసేచోట వంపు పోయి కోణం ఏర్పడుతుంది. దీనికి ఉపాయం సులభం: రెండు ముక్కలను నిటారుగా ఉన్నప్పుడే జోడించి, టంకం వేసి, చల్లారిన తరువాత వంచాలి. వంపు లోపలివైపు పట్టా చివర ముందుకు పొడుచుకొని వస్తుంది; ఆ మిగులును కోసివేయాలి. టంకానికి రోజిన్ ఫ్లక్సునే వాడాలి, ఆమ్లపు ఫ్లక్సు లోహాన్ని తినివేస్తుంది. వేడి ఎక్కువైతే ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి. అటూ ఇటూ తడిగుడ్డ ఉంచడం మేలు. ఈ పని పెద్దల చేతులమీదుగానే జరగాలి.

అట్లని అన్ని అతుకులకూ టంకం వేయరాదు. మన ఊళ్ల రైళ్లలో విన్న టకటక శబ్దానికి కారణం పట్టాల మధ్య వదిలిన సందులే. 13 మీటర్ల ఉక్కు పట్టా 40 డిగ్రీల సెంటీగ్రేడు వేడి పెరిగితే సుమారు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. పట్టాలను పొడవుగా వెల్డింగు చేయడంతో ప్రధాన మార్గాలలో ఆ సంగీతం చాలావరకు ఆగిపోయింది. ఇంట్లో మూడడుగుల నికెల్ సిల్వర్ పట్టా 15 డిగ్రీలకు సాగేది 0.2 మిల్లీమీటర్లే. (పేరులోనే తప్ప అందులో వెండి లేదు, రాగి, నికెలు, తుత్తునాగముల మిశ్రమమది.) అయితే అడుగునున్న చెక్క గాలిలోని తేమను బట్టి ఉబ్బి, కుంచించుకుపోతుంది. బేస్‌మెంటులో వేసవికీ శీతకాలానికీ ఈ తేడా తక్కువది కాదు. అందుచేత నిటారు భాగాలలో కొన్ని అతుకులను టంకం లేకుండా, విజిటింగు కార్డు మందం సందుతో వదలాలి. వదులైన జాయినర్‌ను విద్యుత్తుకు నమ్మరాదు గనుక ఆ సందుకు ఇరువైపులా పట్టాలకు విడిగా తీగలు కలపాలి.

అంతా అమర్చాక అన్నిటికంటే తేలికైన పెట్టెను ఇంజనుకు ముందు తగిలించి, వెనుకనుంచి తోయించండి. లాగినప్పుడు సర్దుకుపోయిన అతుకులు తోసినప్పుడు బయటపడతాయి. పెట్టె ఎగిరిన ప్రతిచోట పెన్సిలుతో గుర్తు పెట్టే పనిని పిల్లలకు అప్పగించండి.