బుక్కులో పేరు ఎవరిది?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో పాత కార్లు అమ్మే దుకాణాలు ఉన్నాయి. సూర్యాపేట, కోదాడ హైదరాబాద్ – విజయవాడ రోడ్డు మీదనే ఉన్నాయి. రెండు దిక్కుల నుంచీ పాత బండ్లు వస్తాయి. కొత్త కారు కొనలేని వాళ్లు ఇక్కడ కొంటారు. వడ్లు అమ్మిన డబ్బు పెడతారు. చిట్టీ డబ్బు పెడతారు. పొదుపు సంఘంలో తెచ్చిన అప్పు కూడా పెడతారు.

ఒక కుటుంబం ఉందనుకోండి. కారు నచ్చింది. “పైసలు కట్టు అక్కా, బండి తీస్కపో. కాయితాలు పది రోజుల్ల ఇస్త” అన్నాడు దుకాణదారు. డబ్బు కట్టారు. పది రోజులు అయ్యాయి. అడిగితే “ఓనరు ఊర్ల లేడు” అన్నాడు. ఇంకోసారి “రేపు రండి” అన్నాడు. బస్సు చార్జీలు అయ్యాయి. కూలి పోయింది. మూడు నెలలకు అసలు సంగతి తెలిసింది. పాత ఓనరు ఫైనాన్సు బాకీ తీర్చలేదు. బాకీ తీరితే తప్ప పేరు మారదు.

ఇక్కడ పొరపాటు ఏమిటి? బండిని చూశారు. కాయితం చదవలేదు.

బండికి ముఖ్యమైన కాయితం ఆర్‌సీ. దీన్నే జనం బుక్కు అంటారు. ఇప్పుడు ఇది కార్డులాగా వస్తుంది. ఇందులో ఓనరు పేరు ఉంటుంది. బండి ఎప్పుడు రిజిస్టరు అయిందో ఉంటుంది. ఇంజను నెంబరు, ఛాసిస్ నెంబరు ఉంటాయి. ఆ నెంబర్లు బండి మీద కూడా ఉంటాయి. రెండూ ఒకటేనా? ఒక్కొక్క అంకె సరిచూడాలి. బండి మీద అప్పు ఉంటే ఫైనాన్సు కంపెనీ పేరు కూడా ఆర్‌సీలో ఉంటుంది.

బండి నెంబరు కూడా కొంత చెబుతుంది. ఏపీ 24 అంటే ఉమ్మడి నల్లగొండ జిల్లా నెంబరు. అది 2014 వరకు ఇచ్చిన నెంబరు. సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్లు చెల్లుతుంది. కాబట్టి ఎన్నేళ్లు మిగిలాయో లెక్క వేయాలి. ఏపీ 39 అంటే 2019లో, ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టరు అయిన బండి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి రవాణా ఆఫీసు నుంచి ఎన్ఓసీ కావాలి. ఇక్కడ పన్ను కట్టాలి. ఆ పన్ను ఎవరు కడతారు? బేరం నాడే తేల్చుకోవాలి.

పేరు మారాలంటే ఫారాలు నింపాలి. 29వ ఫారంలో బండి అమ్మినట్టు రాస్తారు. 30వ ఫారంలో పేరు మార్చమని అడుగుతారు. ఫైనాన్సు బాకీ తీరితే 35వ ఫారం కావాలి. దాని మీద కంపెనీ వాళ్లు కూడా సంతకం పెట్టాలి. కొన్నవాళ్లు 30 రోజుల లోపల పేరు మార్పుకు రవాణా ఆఫీసులో అర్జీ పెట్టాలి. ఇన్సూరెన్సు మార్చమని 14 రోజుల లోపల కంపెనీకి అర్జీ ఇవ్వాలి. ఖాళీ ఫారం మీద ఎవరూ సంతకం పెట్టరాదు, వేలిముద్ర వేయరాదు.

పేరు మారకుంటే ఏమవుతుంది? ఒక కారు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారింది. ప్రమాదం జరిగింది. ఆర్‌సీలో మాత్రం మొదట అమ్మిన మనిషి పేరే ఉంది. పరిహారం బాధ్యత ఆయనదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పేరు మారకుంటే అమ్మినవాళ్లకూ కష్టమే. కొన్నవాళ్లకూ కష్టమే. సొంత బండి దెబ్బతిన్నా ఇన్సూరెన్సు డబ్బు రాకపోవచ్చు. మళ్లీ అమ్ముదామన్నా అమ్మలేరు.

పాత బండ్ల దుకాణాలకూ కట్టుబాటు ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర ప్రభుత్వ నిబంధన అమలులోకి వచ్చింది. దుకాణదారు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలి. ఓనరు దగ్గర బండి తీసుకున్నట్టు ఆ శాఖకు తెలపాలి. ఆ అనుమతి పత్రం చూపించమని మీరు అడగవచ్చు.

బండిని కూడా బాగా చూడాలి. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కోదాడలో పెద్ద వరద వచ్చింది. కార్లు కొట్టుకుపోయాయి. అప్పుడే విజయవాడలో బుడమేరు వరదలో ఎన్నో బండ్లు మునిగాయి. నీళ్లలో మునిగిన బండికి పైన రంగు వేస్తే కొత్తదిలాగే కనబడుతుంది. కింద వేసిన పట్టా ఎత్తి చూడండి. బురద ఉందా? సీటు బోల్టులకు తుప్పు పట్టిందా? సీటు బెల్టు చివరిదాకా లాగండి. మరక ఉందా? ముక్క వాసన వస్తుందా? కిలోమీటర్ల మీటరు ఒక్కటే నమ్మరాదు. దాన్ని వెనక్కి తిప్పేవాళ్లు ఉన్నారు. మీకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకుపోండి. దుకాణం మెకానిక్ మాట చాలదు.

బయానా ఇచ్చినా రశీదు తీసుకోవాలి. ఎంత ఇచ్చారు? ఇంకా ఎంత ఇవ్వాలి? పేరు ఎన్ని రోజుల్లో మారుస్తారు? పాత జరిమానాలు ఎవరు కడతారు? ఇవన్నీ రశీదు మీద రాయించాలి. చదివిన తర్వాతే సంతకం పెట్టాలి. పేరు మారేదాకా కొంత డబ్బు ఆపుకోవడం మంచిది.

మోసం జరిగితే ఊరుకోవద్దు. 1915 నెంబరుకు ఫోన్ చేయవచ్చు. ఇది వినియోగదారుల నెంబరు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపల ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఇచ్చిన డబ్బు 5 లక్షల రూపాయల లోపు అయితే ఫీజు లేదు. కానీ చేతిలో రశీదు ఉండాలి.

ఇంకొక మాట. అప్పు తెచ్చేది ఆడవాళ్లు. కిస్తీ కట్టేది ఆడవాళ్లు. మరి బుక్కులో ఆమె పేరు ఎందుకు ఉండరాదు? కారు నడపడం రాకపోయినా కారు ఓనరు కావచ్చు. ఇంట్లో ఈ మాట బండి కొనక ముందే మాట్లాడుకోవాలి.

మాట్లాడుకోండి:
1. మీ ఇంట్లో ఉన్న బండి ఎవరి పేరున ఉంది? ఆర్‌సీ తెచ్చి చదవండి.
2. ఆ బండి ఇన్సూరెన్సు ఏ తేదీ వరకు ఉంది?
3. బయానా రశీదులో ఏమేమి ఉండాలి? మీరే ఒకటి రాయండి.